నీడపట్టున ఆకుమొక్కలు

నేడు హైటెక్ సిటీ యనియు, సైబరాబాదు అనియు పిలువబడు ప్రదేశమున నీడకు కొదువ లేదు. ఒక మేడ నీడ మరియొక మేడపై పడును. ఆ మేడ నీడ వీథిపై పడును. వీథికి ఆవలనున్న ఇంటి ముంగిలికి ఉదయమున గంటసేపో రెండు గంటలో ఎండ దక్కిన అదియే భాగ్యము. 30 యేండ్లకు పూర్వము ఈ నేలపై పరిస్థితి ఇందుకు సరిగా విరుద్ధముగా నుండెను. బండలు, కంచలు, చెరువులు, వాని నడుమ చిన్నచిన్న పల్లెలు. ఎండ అపారము, నీడ అరుదు. అప్పటివారు నీడను వెదకి, లేనిచోట కల్పించుకొని, ఆకుమొక్కలను పెంచిరి. నేటివారు కోరకయే లభించిన నీడను చూచి, ఇచట ఏమియు మొలవదని నిట్టూర్చుచున్నారు. నీడయందు ఆకుమొక్కలు పెంచు విద్య మనకెట్లు సంక్రమించినదో, నడుమ ఎట్లు తెగినదో, నేటి మేడల మధ్య అది ఎంతవరకు అక్కరకు వచ్చునో ఈ ప్రసంగమున విచారింతము.

వంటకు వాసన నిచ్చునవి, ఇంటి వైద్యమునకు పనికివచ్చునవి, తాంబూలమునకు తగినవి, ఇట్టి మొక్కలన్నిటిని ఇచట ఆకుమొక్కలని వ్యవహరించుచున్నాము. పసుపు, అల్లము వంటి దుంపజాతులను గూడ వానితో కలిపి చెప్పుకొందము.

ముందుగా నేలను గూర్చి రెండు మాటలు. హైదరాబాదు చుట్టునున్న గ్రానైటు గుట్టలు దాదాపు 250 కోట్ల సంవత్సరముల నాటివి. ఎండకు, వానకు పగిలి, ఉల్లిపొరలవలె విడివడి, ఒకదానిపై నొకటి పేర్చినట్లు నిలిచిన ఈ బండలే ఇచటి మొదటి నీడ. బండపై కురిసిన నీరు జారి దాని పాదమున చేరును. అచటి మన్ను ఎండ తగిలిన మన్నువలె త్వరగా ఆరిపోదు. అందువలన చుట్టునున్న మెట్టభూమి బీడువారిన దినములలో సైతము బండ మాటున కొంత పచ్చదనము నిలిచియుండును. మయూరశిఖి యను చిన్న మొక్క ఇందుకు చక్కని నిదర్శనము. నెమలి పురివలె విచ్చుకొన్న ఆకులుగల ఈ మొక్క దక్కను పీఠభూమియందు బండల పగుళ్ళలోను, పాత గోడల సందులలోను పెరుగును. వానలు లేనప్పుడు ముడుచుకొని ఎండినట్లు కనిపించును. తడి తగిలినంతనే మరల విప్పారును. మన వైద్యులు దీనిని చిరకాలముగా ఎరుగుదురు. నీడయందు మొక్క యెట్లు బ్రతుకునో ఈ నేల మనుష్యునికంటె ముందే చూపినదని అనవచ్చును.

ఇచటి ఊర్ల పేర్లు గూడ నేల స్వభావమును తెలుపుచున్నవి. గచ్చిబౌలి యనగా గచ్చుతో కట్టిన దిగుడుబావి. కంచ యనగా పశువులు మేయుటకు విడిచిన బీడు; నేల ఉసిరి, తిప్పతీగ వంటి మందుమొక్కలును, బతుకమ్మకు కావలసిన తంగేడు, గునుగు పూలును అట్టి చోటులనుండియే వచ్చును. మాదాపురమునకు, రాయదుర్గమునకు నడుమనున్న దుర్గము చెరువు గోల్కొండ కోటవాసులకు నీరందించినదని ప్రసిద్ధి. రాయదుర్గమునందొక రెవెన్యూ గ్రామమునకు పాన్‌మక్తా యని పేరు. ఆ పేరు చూచి అచట తమలపాకు తోటలుండెనని తొందరపడి చెప్పరాదు. మక్తా యనగా నిర్ణీతమైన శిస్తుపై ఇచ్చిన భూమి. ఆ మాట నిజాము కాలపు భూమి లెక్కలకు చెందినదే గాని తోటలకు చెందినది కాదు. అయినను తమలపాకు ప్రసక్తి వచ్చినది గనుక, నీడ వ్యవసాయ చరిత్రను అచటనే ఆరంభింపవలెను. ఏలనన తెలుగు రైతు బుద్ధిపూర్వకముగా నీడను నాటి, ఆ నీడయందు ఆకును పండించిన తోటలలో ఆకుతోటకు మించినది లేదు.

తమలపాకు తీగ మిరియపు తీగకు, పిప్పలికి దాయాది. పెద్దచెట్ల క్రింద, తేమగల గాలిలో, ఆకుల సందులనుండి జల్లెడపట్టినట్లు పడు వెలుతురులో పెరుగుట దాని స్వభావము. అట్టి తీగను ఎండ మండిపోవు మైదానములకు దించుట సామాన్యమైన పని కాదు. 14వ శతాబ్దిలో మన దేశమున సంచరించిన ఇబ్న్ బతూతా ఈ తీగను ద్రాక్షతీగతో పోల్చి, పందిళ్ళపైకిని కొబ్బరిచెట్లపైకిని దానిని ఎక్కించుటను వర్ణించెను. పారశీక చక్రవర్తి షారుఖ్ రాయబారిగా 1443లో విజయనగరమునకు వచ్చిన అబ్దుర్ రజాక్, రెండవ దేవరాయల కొలువున తనకు లభించిన తాంబూలమును, కర్పూరమును గూర్చి మిక్కిలి ముచ్చటగా వ్రాసెను. కొలువునందు అంతటి గౌరవము పొందిన ఆకు వెనుక, పల్లెయందు నీడను కాచిన రైతు ఒకడుండెనని మనము జ్ఞాపకముంచుకొనవలెను.

ఆ రైతు చేయు పనిని కొంచెము వివరముగా చెప్పుట అవసరము. వంగదేశమునందును, ఒడిశాయందును వెదురు గడలు నాటి, పైన గడ్డి కప్పి, చుట్టును దడి కట్టి, ఆ చీకటి పందిరిలో తమలపాకు పెంచుదురు. తెలుగు రైతు పద్ధతి వేరు. అతడు మొదట అవిసె గింజలు చల్లును. అవిసె త్వరగా ఎదుగు చెట్టు. దాని ఆకులు సన్నని రెబ్బలుగా విడివడియుండుటచే ఎండను పూర్తిగా ఆపవు, పూర్తిగా విడువవు. అవి నిలువెత్తునకు వచ్చిన పిదపనే వాని మొదళ్ళయందు తమలపాకు తీగ ముక్కలను నాటును. తీగ ఎగబ్రాకిన కొలది జమ్ముతో అవిసె మ్రానుకు కట్టును. వానకాలమున మబ్బు కమ్మి వెలుతురు తగ్గినప్పుడు అవిసె కొమ్మలు నరికి వెలుతురు రానిచ్చును. వేసవియందు వానిని గుబురుగా పెరుగనిచ్చును. నీరు కొంచెము కొంచెముగా, తరచుగా పెట్టును. కాని కాలువలు తీసి, నీరు నిలువకుండ జాగ్రత్తపడును. నీరు నిలిచిన మొదలు కుళ్ళి తోట అంతయు నాశనమగునని అతడెరుగును. పడమటి వడగాలి సోకకుండ గట్టున దట్టముగా చెట్లు పెంచును.

ఇందలి సూత్రములు నాలుగు. మొక్కకంటె ముందు నీడను సిద్ధపరుపవలెను. నీడ ఋతువునుబట్టి మారవలెను. తడి యుండవలెను గాని నీరు నిలువరాదు. గాలి యాడవలెను గాని వడగాలి తగులరాదు. నీడపట్టున ఏ ఆకుమొక్కను పెంచువారైనను నేటికిని ఈ నాలుగింటికి మించి తెలిసికొనవలసినది స్వల్పము.

పసుపు పంటలో గూడ ఇదే వివేకము కనబడును. నిజామాబాదు, జగిత్యాల ప్రాంతముల రైతులు పసుపు సాళ్ళలో మొక్కజొన్నను గూడ విత్తుదురు. పసుపు మొలకెత్తి లేతగా నున్న నెలలలో మొక్కజొన్న దానికి గొడుగు పట్టును. వానలు ముగిసి ఎండ తీక్షణత తగ్గునాటికి మొక్కజొన్న కోతకు వచ్చి తొలగిపోవును. పసుపు మిగిలిన కాలమంతయు నేలను తానే ఏలుకొనును. ఒక పంట మరియొక పంటకు కొలది నెలలు నీడయై, ఆ పిదప తప్పుకొనుట ఎంత చక్కని ఏర్పాటో చూడుడు.

పొలమునుండి ఇంటికి వత్తము. మన పాత ఇండ్ల నిర్మాణమున తోటపని శాస్త్రము దాగియున్నది. తులసికోట నడి ముంగిట, ఆకాశము కనబడుచోట నుండును. భక్తితోపాటు అందొక ఎరుక గూడ కలదు: తులసి ఎండను కోరు మొక్క. మరువము, దవనము, కరివేప గూడ అట్టివే. వానికి పెరటియందు తెరపి చోటునే ఇచ్చిరి. పుదీనను బావి గట్టున, చేది పోసిన నీరు చిందిపడు చోట నాటిరి. స్నానపు నీరు, అంట్లు తోమిన నీరు పారుచోట అరటిపిలకలు పెట్టిరి. ఆ అరటి నీడను చేమదుంపలు, పొన్నగంటికూర, పసుపుకొమ్ములు ఆశ్రయించినవి. గోడవారగా బచ్చలితీగ ప్రాకెను. ఎచట ఎంత ఎండ పడునో, ఏ మొక్క ఎంత నీడ సహించునో ఆ ఇంటి గృహిణికి ఎవరును గ్రంథము చదివి చెప్పలేదు. అత్తగారినుండి కోడలికి, పొరుగింటినుండి ఇరుగింటికి, ఒక పిలకతోనో, ఒక కొమ్మతోనో ఆ తెలివి చేతులు మారెను. మొక్కతోపాటు, దానిని ఎచట పెట్టవలెనో చెప్పు మాటయును వెంట వచ్చెడిది.

1591లో కులీ కుతుబ్‌షా హైదరాబాదు నగరమును నిర్మించిన పిదప ఈ పెరటి విద్యకు నగరపు వంట తోడైనది. పుదీన, కొత్తిమీర లేని హైదరాబాదు వంటను ఊహింపజాలము. ఈ రెండు మాటల చరిత్రయే ఆసక్తికరము. పుదీన యను పేరు పారశీకమునుండి వచ్చినది. కొత్తిమీర యను మాట సంస్కృతమునందలి కుస్తుంబరికి సంబంధించినది. కుస్తుంబురు శబ్దమును పాణిని తన అష్టాధ్యాయిలోనే పేర్కొనెను. అయినను ఆ మొక్క పుట్టిల్లు మధ్యధరా సముద్రపు తూర్పు తీరములు. ఈజిప్టునందు టుటన్‌ఖామన్ సమాధిని 1922లో తెరచినప్పుడు అందు ధనియాలు కనబడినవి. వాము ఆకు అని మనము పిలుచు దళసరి ఆకుల మొక్క ఆఫ్రికానుండి వచ్చినది. వాము గింజల నిచ్చు మొక్కతో దానికి వాసనయందు తప్ప చుట్టరికము లేదు. ఇట్లు దేశదేశములనుండి వచ్చిన మొక్కలు మన బావిగట్టున, అరటినీడన కలిసి కాపురము చేసినవి. వలసవచ్చిన మొక్కకు తావు చూపగలిగిన ఆ తెలివియే, వలసవచ్చిన జనులతో నిండిన నేటి సైబరాబాదుకు పనికిరావలసినది.

ఇక ఆ తెలివికి నడుమ ఏమి సంభవించినదో చూతము. 1974లో హైదరాబాదు విశ్వవిద్యాలయము స్థాపితమై, నగరపు పడమటి అంచున గచ్చిబౌలి వైపు విశాలమైన ఆవరణమును పొందినది. ఆ పిదప చాలకాలము మాదాపురము, కొత్తగూడ, కొండాపురము, నానక్‌రామ్‌గూడ పల్లెలుగానే మిగిలినవి. 1998 నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి మాదాపురమున పదియంతస్తుల సైబర్ టవర్సును ప్రారంభించిరి. ఆ యేడే అంతర్జాతీయ సమాచార సాంకేతిక విద్యాసంస్థ గచ్చిబౌలియందు వెలసెను; 2001లో ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ వచ్చినది. సైబరాబాదు అభివృద్ధి సంస్థయు 2001లోనే ఏర్పడెను. 2020 సెప్టెంబరులో దుర్గము చెరువుపై తీగల వంతెన తెరువబడినది. పదియంతస్తుల మేడ ఒకనాడు వింతగా తోచిన చోట, నేడు నలుబది, ఏబది అంతస్తుల మేడలు నిలిచియున్నవి.

ఈ మార్పువలన లక్షలమందికి జీవనము లభించినది. దానిని తక్కువచేసి చెప్పుట మా ఉద్దేశము కాదు. కాని పెరడు పోయినది. బావులు పూడినవి. బావిగట్టు లేనిచోట పుదీనకు తావెచటనో చెప్పవలసిన మాటయు మూగవోయినది. తోట యంతయు వరండాలోని నాలుగు కుండీలుగా కుదించుకొనినది. ఆ నాలుగు కుండీలకైనను స్థిరత్వము లేదు. తమలపాకు తీగ నిలదొక్కుకొని కాపునకు వచ్చుటకు ఏడాది పట్టును. ఇంటి అద్దె ఒప్పందము 11 నెలలు. ఒకచోటి వెలుతురును ఏడాది పొడవున చూచి తెలిసికొనుటకు ముందే కాపురము మారిపోవుచున్నది. నీడను గూర్చిన నిరాశకు మొదటి కారణమిదియే యని మా నమ్మకము.

రెండవ కారణము మరింత సూక్ష్మమైనది. చెట్టు నీడ వేరు, గోడ నీడ వేరు. మన పెద్దలు ఎరిగినది చెట్టు నీడ. అది రోజంతయు కొంచెము కొంచెముగా వెలుతురును వడకట్టి యిచ్చును. ఆకులనుండి వెలువడు తేమచే చుట్టును చల్లబరచును. గోడ నీడ అట్లు కాదు. కొన్ని గంటలు ఎండ పూర్తిగా నుండును, మిగిలిన గంటలు పూర్తిగా నుండదు. గోడ వేడిని పీల్చి రాత్రియందు విడుచును. ఎదుటి మేడ అద్దములనుండి తిరిగివచ్చిన ఎండ ఒక్కొక్కచోట లేత ఆకులను మాడ్చివేయును. కావున పెద్దలు పెంచిన మొక్కనే తెచ్చి, వారు చేసిన రీతిగనే పెంచిన చాలదు. వారి సూత్రమును గ్రహించి, క్రొత్త నీడకు దానిని అన్వయింపవలెను.

ఇందుకు సూర్యుని నడకను కొంత ఎరుగుట అవసరము. సీమదేశపు తోటపని గ్రంథములలో ఉత్తరపు గోడ ఎల్లప్పుడు నీడయనియు, దక్షిణపు గోడ ఎల్లప్పుడు ఎండయనియు వ్రాసియుండును. ఆ దేశములకది సరియే. హైదరాబాదు భూమధ్యరేఖకు ఉత్తరముగా 17 డిగ్రీలకు కొంచెము పైన నున్నది. మే రెండవ వారమున సూర్యుడు మధ్యాహ్నవేళ మనకు సరిగా నడినెత్తికి వచ్చును. మరల ఆగస్టు మొదటి వారమున వచ్చును. ఈ రెంటి నడుమ మధ్యాహ్న సూర్యుడు మనకు ఉత్తరముగా నుండును. అందుచే జూన్ మాసమున దక్షిణపు వరండాకు నేరుగా ఎండ తగులదు. ఉత్తరపు వరండాకే ఉదయ సాయంత్రములందు వాలుగా తగులును. డిసెంబరులో ఇందుకు విరుద్ధము. ఆ నెల 21వ తేదీ మధ్యాహ్నము 100 అడుగుల మేడ నీడ ఉత్తరమునకు దాదాపు 86 అడుగుల దూరము ప్రాకును. అదే మేడ నీడ జూన్ 21న దక్షిణమునకు 11 అడుగులకు మించి రాదు. ఒకే చోటు ఆరు నెలలు నీడపట్టు, ఆరు నెలలు ఎండపట్టు కావచ్చును. అవిసె కొమ్మలు నరికియు, పెంచియు ఆకుతోట రైతు ఋతువుననుసరించి నీడను మార్చెను. మనము గోడను మార్పజాలము గాని కుండీని కదల్పగలము. రెండును ఒకే విద్య.

దీనినిబట్టి కొత్తిమీర విషయము చూడుడు. అది చలికాలమున ఎండను, వేసవియందు నీడను కోరును. వేడి మించిన ఆకు పెట్టకుండ త్వరగా పూతకు వచ్చును. దక్షిణపు వరండా శీతకాలమున ఎండను, నడివేసవి దాటిన పిదప నీడను సహజముగనే ఇచ్చును గనుక కొత్తిమీరకు అంతకంటె మంచి చోటు లేదు. ధనియమును రెండు బద్దలుగా నలిపి, ఒక రాత్రి నానవేసి విత్తవలెనని మన రైతులెరుగుదురు. వారు నేడు వేసవిలో ఎండను సగము ఆపు వల పందిళ్ళ క్రింద కొత్తిమీర పండించి మంచి ధరకు అమ్ముచున్నారు. అవిసె చేసిన పనినే అచట వల చేయుచున్నది.

పుదీనకు తూర్పు వరండా తగును. ఉదయపు ఎండ రెండు మూడు గంటలున్న చాలును. అది లోతుకంటె వెడల్పును కోరును. వేళ్ళు ప్రక్కలకు పాకును గనుక లోతైన కుండీకంటె వెడల్పైన తొట్టి మేలు. బావిగట్టున చిందు నీటివలె ప్రతిదినము కొంచెము తడి యుండవలెను. తమలపాకు తీగకు నేరుగా ఎండ పడని, ఆకాశపు వెలుతురుగల ఉత్తరపు వైపు మంచిది. జూన్ ఎండకు పలుచని తెర కట్టవలెను, పడమటి వడగాలికి దడి యుండవలెను. సరస్వతి ఆకు తడినీడను మిక్కిలి ఇష్టపడును. పళ్ళెమువంటి తొట్టిలో తీగలు సాగి నిండుకొనును. పొన్నగంటికూరయు అట్టిదే. వాము ఆకు సగము నీడను సహించును, కాని అధికమైన నీటిని సహింపదు. కొమ్మ తుంచి గ్రుచ్చిన చాలును, ఏడాది పొడవున బజ్జీలకు ఆకు దొరకును. పసుపు, అల్లము వేసవి చివర నాటిన, వానకాలమంతయు ఉదయపు ఎండతో, పగటి నీడతో పెరిగి, శీతకాలమున ఆకు వాల్చి దుంప నిచ్చును. పడమటి వరండా యొక్కటియే కష్టమైనది. అచట పందిరి వేసియో, తీగ పాకించియో ముందు నీడను కల్పింపవలెను. మేడల నడుమ గాలికై విడిచిన చీకటి గూళ్ళలో మాత్రము ఏ మొక్కయు బ్రతుకదు. నీడ యనగా తగ్గిన వెలుతురే గాని వెలుతురు లేమి కాదు.

నీడపట్టు కుండీలలో మొక్కలు చచ్చుటకు ముఖ్య కారణము నీరు చాలకపోవుట కాదు, నీరు ఎక్కువగుటయే. ఎండ తగులని మన్ను నెమ్మదిగా ఆరును. పైమన్ను వ్రేలితో తాకి, ఆరినదని తెలిసిన పిదపనే నీరు పోయవలెను. బోరునీటి ఉప్పు మన్నులో పేరుకొనకుండ, వానకాలమున కుండీలను ఒకటి రెండు మంచి వానలకు తడియనిచ్చుట మేలు.

మందుమొక్కల విషయమున ఒక హెచ్చరిక అవసరము. ఒకే పేరు రెండు మొక్కలకు చెల్లుట మన దేశమున సామాన్యము. బ్రాహ్మి యను పేరు సరస్వతి ఆకునకును, దానితో పోలికలేని నీటి బ్రాహ్మికిని వాడుకలో నున్నది. పచ్చడికి, పులుసునకు వాడుకొనుట వేరు. జబ్బునకు మందుగా మ్రింగుట వేరు. రెండవ పనికి వైద్యుని అడుగుట మంచిది. మొక్కలను చూచి గుర్తుపట్టుట నేర్చుకొన దలచినవారికి కొండాపురమున 270 ఎకరములకు పైబడిన కోట్ల విజయభాస్కర రెడ్డి వృక్షోద్యానము సమీపముననే యున్నది. ఔషధ, సుగంధ మొక్కల కేంద్రీయ సంస్థకు నగరపు తూర్పున బోడుప్పల్‌లో పరిశోధన కేంద్రము కలదు.

గ్రంథములు, సంస్థలు ఉండగా ఈ విద్య నశించుననెడి భయమెందుకని శ్రోతలు అడుగవచ్చును. గ్రంథమున మొక్క స్వభావము దొరకును. ఫలాని గోడ ప్రక్క ఫలాని నెలలో ఏమి బ్రతుకునో దొరకదు. అది చూచి, చేసి, చెప్పుకొని నిలుపుకొనవలసిన తెలివి. ఈ తెలివిగలవారు సైబరాబాదునుండి వెడలిపోలేదు. మేడలు కట్టుటకు పాలమూరునుండి, ఇతర మెట్ట ప్రాంతములనుండి వచ్చిన కుటుంబములు అనేకము ఆ మేడలకే కాపలాదారులై క్రింది అంతస్తున కాపురమున్నవి. ప్రహరీగోడకును బోరుబావికిని నడుమనున్న జానెడు నేలపై బచ్చలి, పుదీన, ఒక అరటిపిలక కనబడిన అది వారి చేతి పనియే యని తరచుగా తెలియవచ్చును. పై అంతస్తున ఖరీదైన కుండీలో మొక్క ఎండుచుండగా, క్రింద అదే మేడ నీడలో, డబ్బు ఖర్చు లేక, అదే మొక్క గుబురుకట్టి యుండును. ఇద్దరి నడుమ దూరము కొన్ని అంతస్తులే. కాని ఆ దూరము దాటి ఒక మాట అడుగువారు అరుదు. వారి పిల్లలు బడికి పోయి, వేరు వృత్తులలో స్థిరపడుదురు; అది జరుగవలసినదే. అంతలోపల పై అంతస్తువారు దిగివచ్చి అడుగకున్న, బావిగట్టునుండి వచ్చిన ఆ విద్య ఈ తరముతో ఆగిపోవును.

నేలను గూర్చియు ఇట్టి మెలకువయే కావలెను. కంచ గచ్చిబౌలియందలి 400 ఎకరముల విషయమున 2025 ఏప్రిల్‌లో సర్వోన్నత న్యాయస్థానము చెట్ల నరికివేతను నిలుపుచేయుటతో, ఈ ప్రాంతమున మిగిలిన బండల నీడ, పొదల నీడ ఎంత అమూల్యమైనదో దేశమంతయు చర్చించినది. ఆ వ్యాజ్యపు మంచిచెడ్డలు న్యాయస్థానము తేల్చవలసినవి. మేము చెప్పదలచినది ఒక్కటియే. కుండీలోని ఆకుమొక్క అనాథ కాదు. దాని బంధువులు ఇంకను ఆ బండల మాటున, ఆ పొదల క్రింద ఉన్నవి. అచటి నీడ పోయిన, కుండీయందలి మొక్క ఏ నీడను కోరి పెరుగునో పోల్చి చూచుకొనుటకు మనకు మూలమే యుండదు.

ఆకుతోట రైతు ముందు నీడను నాటి, పిదప తీగను నాటెను. సైబరాబాదు నివాసికి నీడ ముందే సిద్ధమైయున్నది. దానిని ఏడాదిపాటు గమనించి, ఏ నెలలో ఎచటినుండి ఎచటికి జరుగుచున్నదో ఒక కాగితముపై గుర్తువేసికొని, తగిన మొక్కను తగిన చోట నుంచిన చాలును. ఇల్లు మారునప్పుడు ఆ కాగితమును, ఒక పుదీన పిలకను తరువాత వచ్చువారికి విడిచిపోయినచో, అత్తగారు కోడలికి అప్పగించిన విద్య మరల చేతులు మారుట కారంభించును.